గీసిన బొమ్మ నుంచి అచ్చు దాకా: లినోకట్ ఎలా చేయాలి

రోజూ స్కెచ్‌బుక్‌లో బొమ్మలు వేసే అలవాటు ఉండి, వాటిలో ఒకదాన్ని అచ్చుగా మార్చి చూడాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. అచ్చు కళలో ఎచ్చింగ్ (లోహపు పలకను ఆమ్లంతో కొరికించేది), లిథోగ్రఫీ (రాతి పలక మీద గీసేది), ఉడ్‌కట్ (చెక్క పలకను చెక్కేది), స్క్రీన్ ప్రింట్ వంటి పద్ధతులు అనేకం ఉన్నా ఇక్కడ లినోకట్‌ను, అంటే లినోలియం పలకను ఉలితో చెక్కి, ఇంకు పూసి అచ్చు తీయడాన్ని మాత్రమే తీసుకుంటున్నాను. దీనికి ఆమ్లాలు అక్కర్లేదు, బరువైన ప్రెస్ అక్కర్లేదు. గట్టి బల్ల, మంచి వెలుతురు, పదునైన రెండు మూడు ఉలులు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. అయితే ముందుగా ఒక మాట చెప్పాలి. బొమ్మ గీయడం ఒక పని, దాన్ని పలక మీద చెక్కడం వేరొక పని అని చాలామంది అనుకుంటారు, గీసినదాన్ని తు.చ. తప్పకుండా చెక్కితే చాలు, అచ్చు దానంతట అదే వస్తుందని నమ్ముతారు. అలా చేసిన అచ్చులో అసలు బొమ్మలోని ప్రాణం సగమైనా మిగలదు. ఉలితో చెక్కుతున్నంతసేపూ మనం గీస్తూనే ఉంటాం, మొదటి ప్రూఫ్ (పని ఎలా వచ్చిందో చూసుకోవడానికి తీసే అచ్చు) తీశాక దాని మీద మళ్ళీ గీస్తాం, బొమ్మ నిజంగా పూర్తయ్యేది చివరి ప్రూఫ్ దగ్గరే. కింద చెప్పబోయే పద్ధతి అంతా ఈ ఒక్క విషయాన్ని పట్టుకుని నడుస్తుంది.

బొమ్మను ఎంచుకోవడం

స్కెచ్‌బుక్‌లోని ప్రతి మంచి బొమ్మా అచ్చుకు పనికిరాదు. పెన్సిల్‌తో మెల్లగా రుద్ది తెచ్చిన నీడలు, నీటిరంగులో ఒకదానిలోకి ఒకటి కరిగిపోయే ఛాయలు కాగితం మీద ఎంత అందంగా ఉన్నా లినోలియంలో వాటిని తేలేం. పలక మీద ఇంకు అంటుకునే చోటు, అంటుకోని చోటు అని రెండే ఉంటాయి. బూడిదరంగు కావాలంటే గీతల ఒత్తును బట్టి, చుక్కల మధ్య దూరాన్ని బట్టి కంటికి అలా అనిపించేలా చేయాలి తప్ప అది పలకలో ఎక్కడా ఉండదు. కాబట్టి అచ్చు చేయాలని నిర్ణయించుకున్న విషయాన్ని కొన్నాళ్ళపాటు పెన్సిల్ పక్కన పెట్టి, కుంచె, నల్ల ఇంకుతో మాత్రమే గీయండి. కుంచె వెనక్కి తగ్గనివ్వదు; ఇది నలుపా, తెలుపా అని ప్రతిచోటా తేల్చుకునేలా చేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కిటికీ పక్కన ఒక చెక్క కుర్చీ, దాని వీపు మీద మడతలు పడేలా వేసిన తువ్వాలు ఉన్నాయనుకోండి. పెన్సిల్‌తో గీసేటప్పుడు మీరు సహజంగానే తువ్వాలు అంచును చుట్టూ ఒక గీతతో చూపిస్తారు, తర్వాత మడతల్లో నీడలు వేస్తారు. ఇప్పుడు కళ్ళు సగం మూసి అదే దృశ్యాన్ని చూడండి. తువ్వాలులో కిటికీ వైపున్న భాగం వెనకున్న వెలుతురులో కలిసిపోయి ఉంటుంది; అక్కడ అంచు లేదు. కింది మడతల్లోని నీడ కుర్చీ కాలి నీడతో కలిసి ఒకే నల్లని ఆకారమైంది. అక్కడా అంచు లేదు. అంచు స్పష్టంగా కనిపించేది వెలుగు పడిన మడత, చీకటి గోడ ఎదురెదురుగా వచ్చిన చోట మాత్రమే. ఇలా పోగొట్టుకున్న అంచులను పోగొట్టుకున్నట్టే వదిలేస్తే, మిగిలిన కొద్దిపాటి ఆకారాలతోనే చూసేవారి కన్ను తువ్వాలును పూర్తి చేసుకుంటుంది. లినోకట్ బలమంతా ఇక్కడే ఉంది. వస్తువుల పేర్లను మరిచిపోయి నలుపు ఆకారాలను, తెలుపు ఆకారాలను మాత్రమే గీయగలిగిన రోజున మీ బొమ్మ పలకకు సిద్ధమైనట్టు.

దీనికి నేను అందరికీ చెప్పే అభ్యాసం ఒకటుంది. నల్ల కాగితం మీద తెల్ల పెన్సిల్‌తోనో, తెల్ల రంగు ముంచిన సన్నని కుంచెతోనో అదే దృశ్యాన్ని మళ్ళీ గీయండి. అప్పుడు మీ చేయి నీడను వదిలి వెలుగును గీయడం నేర్చుకుంటుంది, ఉలి చేసేదీ సరిగ్గా ఆ పనే. ఏమీ చెక్కకుండా ఇంకు పూసిన పలక అచ్చంతా నలుపే ఇస్తుంది, మీరు తీసిన ప్రతి ముక్కా ఒక తెల్లని గుర్తు అవుతుంది. ఇంగ్లండ్‌లో థామస్ బ్యూయిక్ (1753–1828) గట్టి చెక్క అడ్డుకోత మీద ఇలా తెల్లని గీతలతో ఆలోచించే పద్ధతిని ఎంతో ఎత్తుకు తీసుకువెళ్ళాడు. చేతికర్రతో నడుస్తున్న గాంధీజీని చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో లినోకట్‌గా చెక్కినప్పుడు ఎంచుకున్నదీ నల్లని నేల మీద తెల్లని గీతల దారే. అందులోని గీతల పొదుపును కాసేపు నిలబడి చూస్తే, ఎంత తక్కువ చెక్కితే ఎంత ఎక్కువ చెప్పవచ్చో తెలుస్తుంది.

ఒకే విషయం ఒక మాధ్యమంలో ఒదగకపోతే దాన్ని వదిలేయనవసరం లేదు. జర్మన్ కళాకారిణి కాటె కోల్విట్స్, 1919లో హత్యకు గురైన సోషలిస్టు నాయకుడు కార్ల్ లీబ్‌క్నెష్ట్ స్మారకంగా చేయదలచుకున్న చిత్రాన్ని మొదట ఎచ్చింగ్‌లో, ఆ తర్వాత లిథోగ్రఫీలో ప్రయత్నించింది. రెండూ ఆమెకు తృప్తినివ్వలేదు. 1920లో శిల్పి ఎర్నెస్ట్ బార్లాఖ్ ఉడ్‌కట్‌లను చూశాక అదే కూర్పును చెక్క మీద చెక్కింది. విషయం మారలేదు, కానీ గీత మొత్తం మారిపోయింది. మీ బొమ్మ పలక మీద మొండికేస్తే అది ఇంకే పద్ధతిని కోరుతోందో ఆలోచించండి.

పలక, ఉలులు, కాగితం

లినోలియంను ఫ్రెడరిక్ వాల్టన్ ఇంగ్లండ్‌లో 1860ల్లో నేల మీద పరిచే సరుకుగా తయారుచేశాడు. గాలి తగిలి చిక్కబడిన అవిసె నూనెలో కార్క్ పొడి, రంగు కలిపి గోనెగుడ్డ మీద పరిచి ఆరబెడితే వచ్చేది అదే. చెక్కకు ఉన్నట్టు దీనికి నారబాట ఉండదు. అందువల్ల ఏ దిశలో చెక్కినా ఉలికి ఒకే రకమైన ప్రతిఘటన తగులుతుంది, వంపు గీతలు తేలికగా వస్తాయి. నూనెతో చేసినది కావడంతో ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. పలక కొనేటప్పుడు ఒక మూలను కొద్దిగా వంచి చూడండి. పగుళ్ళు రాకుండా వంగితే తాజాది, కొత్తవారు దానితోనే మొదలుపెట్టాలి. రబ్బరులా మెత్తగా ఉండే కృత్రిమ పలకలూ దొరుకుతాయి. వాటిని చెక్కడం సులువే గాని సన్నని గీత అంచు వాటిలో కచ్చితంగా నిలబడదు, రుద్దేటప్పుడు పలకే నొక్కుకుపోతుంది. నా అభిప్రాయంలో వెనక గోనెగుడ్డ ఉన్న అసలు లినోలియమే నేర్చుకోవడానికి మంచిది. సుమారు 3 మిల్లీమీటర్ల మందం, అరచేతికి రెండింతల పరిమాణం మొదటి పనికి సరిపోతుంది.

ఉలుల విషయంలో సంఖ్య కన్నా పదును ముఖ్యం. ఆంగ్ల వి అక్షరం ఆకారంలో మొన ఉన్న సన్నని ఉలి ఒకటి, యు అక్షరంలా గుండ్రంగా ఉన్నవి వెడల్పు తేడాతో రెండు చాలు. వీటికి తోడు ఒక తోలు ముక్క, దాని మీద రాసే మెరుగుపొడి తప్పక ఉండాలి. ప్రతి అరగంటకూ ఉలిని తోలు మీద నాలుగైదుసార్లు వెనక్కి లాగితే పదును నిలుస్తుంది. మొద్దుబారిన ఉలికి ఎక్కువ బలం కావాలి, ఎక్కువ బలం పెట్టిన చేయే జారుతుంది. చేతులు తెగేది ఎక్కువగా మొద్దు ఉలుల వల్లే.

ప్రెస్ లేకుండా చేత్తో రుద్ది అచ్చు తీయడానికి పలుచని, పొడవైన పీచు ఉన్న కాగితం కావాలి. చదరపు మీటరుకు 30 నుంచి 60 గ్రాముల బరువున్న మల్బరీ పీచు కాగితం దీనికి ఎంతో అనువైనది. దాని వెనక నుంచి రుద్దుతుంటే ఇంకు పట్టిన చోట్లు మసకగా కనిపిస్తాయి కూడా. మందమైన నూలు కాగితాలు ప్రెస్ ఉన్నవారికే అనుకూలం.

బొమ్మను పలక మీదికి ఎక్కించడం

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయని అందరికీ తెలుసు, అయినా అక్షరాలు ఉన్నప్పుడు తప్ప చాలామంది దాన్ని పట్టించుకోరు. పట్టించుకోవాలి. ఎడమ నుంచి కుడికి కదులుతున్నట్టు గీసిన మనిషి తిరగబడితే నడక వేగమే వేరుగా అనిపించవచ్చు, బొమ్మ బరువు ఒక పక్కకు ఒరిగిపోవచ్చు. అందుకే పలక ముట్టుకోకముందే బొమ్మను అద్దంలో చూడండి. తిరగేసినా కూర్పు నిలబడితే నేరుగా పలక మీదే గీసుకోవచ్చు. నిలబడకపోతే బొమ్మను ట్రేసింగ్ పేపర్ మీదికి మెత్తని పెన్సిల్‌తో ఎత్తుకుని, ఆ కాగితాన్ని బోర్లించి పలక మీద టేపుతో అంటించి, వెనక నుంచి గట్టిగా గీతల వెంట రుద్దండి. పెన్సిల్ పొడి పలక మీద పడి కుడి ఎడమలు మారిన బొమ్మ వస్తుంది. అచ్చు తీసినప్పుడు మళ్ళీ సరైన దిశకు వస్తుంది.

జపాన్‌లో ఉకియో-ఎ అనే సంప్రదాయ చెక్క అచ్చులు చేసిన శిల్పులు కళాకారుడు పలుచని కాగితం మీద గీసిన బొమ్మను చెక్క పలకకు బోర్లా అతికించి, ఆ కాగితం గుండానే చెక్కేవారు. చెక్కడం పూర్తయ్యేసరికి అసలు బొమ్మ మిగిలేది కాదు. మనకు ట్రేసింగ్ పేపర్ ఉంది కాబట్టి అసలు బొమ్మను దాచుకోవచ్చు.

బొమ్మను ఎక్కించడానికి ముందే రెండు చిన్న పనులు చేయాలి. పలక పైభాగాన్ని 400 నంబరు గరుకు కాగితంతో చాలా తేలికగా రుద్ది దుమ్ము తుడిచేయండి. పైనున్న నునుపైన పొర పోయి ఇంకు సమానంగా పడుతుంది. తర్వాత పలుచగా కలిపిన ఏదైనా లేతరంగును పలకంతా పూసి ఆరనివ్వండి. చెక్కినచోట అసలు రంగు బయటపడి ఎంత తీశారో ఒక్క చూపులో తెలుస్తుంది. పెన్సిల్ గీతలు చేతి రాపిడికి చెరిగిపోతాయి గనుక బొమ్మ పడ్డాక నల్లగా మిగలవలసిన ఆకారాలను మార్కర్‌తో నింపుకోండి. అయితే ప్రతి గీతనూ, ప్రతి వెంట్రుకనూ మార్కర్‌తో గీసిపెట్టుకోవద్దు. పెద్ద ఆకారాల హద్దులు నిర్ణయించి, లోపలి అల్లికను ఉలికి వదిలేయండి. అన్నీ ముందే గీసేస్తే ఉలి ఆ గీతల వెంట భయంభయంగా నడుస్తుంది, చెక్కిన గీతలో ఆ భయం కనిపిస్తుంది.

చెక్కడం

పలక చల్లగా ఉంటే గట్టిగా ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తోనో, వెచ్చని ఇస్త్రీపెట్టెను గుడ్డ మీదుగా ఆనించో కొద్దిగా వేడిచేస్తే ఉలి ఎంత తేలికగా కదులుతుందో మీకే తెలుస్తుంది. బల్ల అంచుకు తగులుకునేలా కింద ఒక కొక్కెం, పైన పలక ఆనడానికి ఒక అడ్డపట్టీ ఉన్న చెక్క పీట చేయించుకోండి. పలక దానికి ఆనుకుని ఉంటుంది, రెండో చేయి దాన్ని పట్టుకోవడానికి ఉలి ముందుకు రానవసరం ఉండదు. రెండు చేతులూ ఎప్పుడూ ఉలి మొన వెనకే ఉండాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఉలి పిడిని అరచేతి మడతలో ఆనించి, చూపుడువేలు పైన సాచి, మొనను పలకకు బాగా వాల్చి పట్టుకోండి. నిటారుగా పట్టుకుంటే అది లోతుకు దిగి ఇరుక్కుంటుంది. లోతు ఎక్కువ అవసరం లేదు; సన్నని గీతకు అర మిల్లీమీటరు, పెద్ద తెల్లని మైదానాలకు ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు, గోనెగుడ్డ బయటపడకూడదు. వంపు గీత చెక్కేటప్పుడు ఉలిని తిప్పకండి, ఉలి ముందుకు వెళ్తుండగా ఎడమచేత్తో పలకను మెల్లగా తిప్పండి. గీతకు వంపు నునుపుగా వచ్చే రహస్యం ఇదే.

నిలబడవలసిన నల్లని గీత పక్కన చెక్కేటప్పుడు దాని గోడ బయటికి వాలుగా ఉండేట్టు చూసుకోవాలి. గీత కింద భాగం వెడల్పుగా, పైభాగం సన్నగా ఉంటే రుద్దే ఒత్తిడిని తట్టుకుంటుంది. గోడ లోపలికి కోసుకుపోతే నాలుగు అచ్చులకే అంచు విరిగిపోతుంది. అందుకే ముందు వి-ఉలితో నల్లని ఆకారం చుట్టూ ఒక సన్నని కాలువ తీసి, ఆ తర్వాతే యు-ఉలితో మిగతా తెలుపును ఖాళీ చేయండి. యు-ఉలి జారినా ఆ కాలువలో ఆగుతుంది.

ఇక దిశ సంగతి. తెలుపు కోసం ఖాళీ చేసిన చోట ఉలి బాటల మధ్య సన్నని గట్లు మిగిలి, వాటికి ఇంకు అంటుకుని అచ్చులో చిన్నచిన్న గీతలుగా పడతాయి. వీటిని మచ్చలుగా భావించి పూర్తిగా తుడిచేయాలని కొత్తవారు తాపత్రయపడతారు. తుడవనవసరం లేదు గాని, అవి ఏ దిశలో ఉండాలో మాత్రం మీరే నిర్ణయించాలి. కుర్చీ వెనక గోడను ఖాళీ చేసేటప్పుడు ఉలిని కిటికీ నుంచి వెలుగు వచ్చే దిశలో నడిపితే ఆ మిగిలిన గట్లు వెలుతురు పరుచుకున్న భావాన్నిస్తాయి. తువ్వాలు మీద చెక్కేటప్పుడు మడత ఒరిగిన దిశలోనే నడపండి. ఉలి ప్రతి కదలికా కుంచె దెబ్బలాంటిదే, ఎటుపడితే అటు చెక్కిన పలక అచ్చులో గందరగోళంగా కనిపిస్తుంది.

ఏ చోటు నుంచి మొదలుపెట్టాలి? మీకు సందేహం లేని తెలుపు నుంచి. కిటికీ తప్పకుండా తెలుపే కాబట్టి ముందు అది తీయండి. తర్వాత వెలుగు పడిన మడతలు. ముఖమో, చేతివేళ్ళో ఉంటే వాటిని చివరికి ఉంచండి, అప్పటికి చేతికి ఆ రోజు పలక స్వభావం తెలుస్తుంది. ఇది తీయాలా వద్దా అని సందేహం వచ్చిన ప్రతిచోటా తీయకండి. పలకలో మిగిలినదాన్ని రేపైనా తీయవచ్చు, తీసేసినదాన్ని తిరిగి అతికించలేం. పని మధ్యలో ఎంత వచ్చిందో చూడాలనిపిస్తే ఇంకు పూయనక్కర్లేదు. పలుచని కాగితాన్ని పలక మీద పరిచి మెత్తని పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దితే చెక్కిన ఆకారమంతా పైకి వస్తుంది. సగానికి కాస్త ఎక్కువ చెక్కగానే ఆపి మొదటి ప్రూఫ్ తీయండి.

ఇంకు పూయడం, ప్రూఫ్ తీయడం

నూనె ఆధారంగా చేసిన రిలీఫ్ ఇంకే (పలక పైమట్టం నుంచి తీసే అచ్చులకు వాడేది) వాడమని నా సలహా. నీటితో చేసినవి కడగడం తేలికే గాని పలుచని పొరగా పరుస్తుండగానే ఆరిపోతాయి, రుద్దడానికి సమయం ఇవ్వవు. నూనె ఇంకులోనే సబ్బు నీటితో కడిగితే పోయే రకాలు ఇప్పుడు ఉన్నాయి.

గాజు పలక మీద కత్తితో ఇంకును రోలర్ వెడల్పంత ఒక సన్నని చారగా పరచండి. రోలర్‌ను దాని మీదుగా ముందుకు నడిపి, చివర పైకెత్తి, వెనక్కి తెచ్చి మళ్ళీ నడపండి. ఎత్తకుండా ముందుకూ వెనక్కూ దొర్లిస్తుంటే రోలర్‌లోని ఒకే భాగం ఒకే చోట ఆనుతూ ఉంటుంది. సరిపోయిందీ లేనిదీ చెవికి తెలుస్తుంది. ఇంకు ఎక్కువైతే రోలర్ కదిలినప్పుడు తడిగా పీక్కుంటున్నట్టు బిగ్గరగా చప్పుడొస్తుంది, పైన నారింజ తొక్కలాంటి గుంటలు కనిపిస్తాయి. సరైన మోతాదులో మెల్లని బుసలాంటి శబ్దం నిలకడగా వస్తుంది, పై పొర మెత్తగా, మెరుపు తక్కువగా ఉంటుంది. ఇంకు మరీ బిగుసుగా ఉంటే రెండు చుక్కల అవిసె నూనె, మరీ జారుగా ఉంటే చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలపవచ్చు.

పలక మీద ఒకేసారి మందంగా పూయకండి. పలుచని పొరలు నాలుగైదు, ప్రతిసారీ దిశ మార్చి, మధ్యమధ్యలో రోలర్‌కు గాజు మీద మళ్ళీ ఇంకు పట్టించుకుంటూ పూయాలి. తర్వాత శుభ్రమైన చేతులతో కాగితం నునుపు వైపు కిందికి వచ్చేలా పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు ఒత్తండి. జపాన్ కళాకారులు కాగితాన్ని రుద్దడానికి వాడే గుండ్రని పనిముట్టు బారెన్ ఉంటే మంచిదే, లేకపోతే చెక్క గరిటె వెనక భాగం అంతే బాగా పనిచేస్తుంది. చిన్నచిన్న వలయాలుగా, కాగితాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, ఒక్క అంగుళం కూడా వదలకుండా రుద్దండి. ఒక మూల నుంచి కాగితాన్ని కొద్దిగా ఎత్తి చూసి, పలుచగా పడిన చోట మళ్ళీ దించి రుద్దవచ్చు. మిగతా మూలలు కదలకుండా ఉంటే చాలు.

కొత్త పలక మొదటి రెండు మూడు అచ్చుల్లో ఇంకును తనలోకి పీల్చుకుంటుంది, అవి వెలిసినట్టు రావడం సహజం. వాటిని చూసి పలకను తప్పుపట్టకండి. నాలుగో ప్రూఫ్ నుంచి తీర్పు చెప్పండి. నలుపులో తెల్లని చుక్కలు చెదిరి ఉంటే ఇంకు గానీ, ఒత్తిడి గానీ తక్కువ. సన్నని తెల్ల గీతలు పూడుకుపోతే ఇంకు ఎక్కువ, అప్పుడు పలకను తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి. మీద మీద పూస్తూ పోతే ఇంకా పూడుకుంటుంది. ఆకారాల అంచుకు జంట గీత కనిపిస్తే రుద్దేటప్పుడు కాగితం కదిలింది.

ప్రూఫ్ మీద గీయడం

ఇక్కడ తొందరపడకూడదు. ప్రూఫ్‌ను గోడకు అంటించి, గదికి అవతలి పక్క నుంచి చూడండి. పలక మీద కుడి ఎడమలు మారి, ముదురు రంగులో, దగ్గరగా చూసినదానికీ ఇప్పుడు కనిపిస్తున్నదానికీ చాలా తేడా ఉంటుంది. కుర్చీ కాళ్ళ మధ్యనున్న నలుపు అనుకున్నదానికన్నా బరువుగా ఉండవచ్చు. తువ్వాలు పైభాగం కాగితంలో కలిసిపోయి అది తువ్వాలని తెలియకపోవచ్చు. ఈ నిర్ణయాలు పలక మీద తీసుకోకండి. ప్రూఫ్ ఆరాక, ఇంకేం తీయాలనుకుంటున్నారో అక్కడ తెల్ల రంగుతో ప్రూఫ్ మీదే గీయండి. ఒక ప్రూఫ్ మీద ఒక ఆలోచన, రెండోదాని మీద వేరొకటి. అందుకే ప్రతి దశలోనూ కనీసం మూడు ప్రూఫ్‌లు తీసుకోవాలి. కుర్చీ కాళ్ళ మధ్య రెండు అడ్డగీతలు వేసి చూడండి, నలుపు తేలికపడి నేల కనిపిస్తుంది. పక్కన ఇంకో ప్రూఫ్‌లో అదే చోట చుక్కలు వేసి పోల్చండి. నచ్చినదాన్ని మాత్రమే పలక మీదికి తిరిగి ఎక్కించి చెక్కండి, మళ్ళీ ప్రూఫ్ తీయండి.

ఎక్కువ తీసేశామని తేలితే ఏం చేయాలన్నది తరచుగా వచ్చే ప్రశ్న. చిన్న చోటైతే రెండు భాగాల ఎపాక్సీ పూసి, గట్టిపడ్డాక గరుకు కాగితంతో సమం చేసి మళ్ళీ చెక్కవచ్చు. పెద్ద చోటైతే మిగతా కూర్పును ఆ తెలుపుకు తగినట్టు మార్చడమే మేలు, చాలాసార్లు అందులో నుంచే మంచి బొమ్మ వస్తుంది.

ఈ దశలవారీ ప్రయాణాన్ని అర్థం చేసుకోవడానికి డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ రాగి పలకల కన్నా గొప్ప పాఠం నాకు తెలియదు. 1653లో గీసిన ‘మూడు శిలువలు’ చిత్రాన్ని ఆయన అనేక దశల్లో అచ్చు వేశాడు. తర్వాతి దశలో అదే రాగి పలకను గీకి, కొన్ని మనుషుల ఆకృతులను చెరిపి, కొత్తవి చేర్చి, పక్కలను దట్టమైన నిలువు గీతలతో చీకటిలో ముంచేశాడు. ముందు దశలో గుంపుగా కనిపించిన మనుషులు తర్వాతి దశలో ఆ చీకటిలోకి వెళ్ళిపోయారు. పలక ఒకటే, కానీ అవి రెండు వేర్వేరు చిత్రాలు. మీరు కూడా ప్రతి దశ ప్రూఫ్‌నూ వెనక తేదీ, దశ సంఖ్య, ఆ తర్వాత ఏం మార్చారో రాసి భద్రపరచుకోండి. మీ తదుపరి పనికి ఏ పుస్తకం కన్నా ఆ కట్టే ఎక్కువ నేర్పుతుంది.

రంగుల గురించి కొంచెం

మొదటి నాలుగైదు పలకలు నలుపు తెలుపుల్లోనే చేయండి. ఆ తర్వాత రంగులకు వెళ్ళాలనుకుంటే ఒకే పలకను దశలవారీగా చెక్కే రిడక్షన్ పద్ధతి ఉంది. 1950ల చివర్లో పికాసో దీన్ని విరివిగా వాడాడు. తెల్లగా మిగలవలసినది తీసేసి లేత రంగుతో అన్ని కాగితాలూ వేయాలి, లేతగా మిగలవలసినది తీసేసి ముదురు రంగు వేయాలి, అలా నలుపు దాకా వెళ్ళాలి. ఒకసారి చెక్కాక వెనక్కి వెళ్ళే దారి లేదు కాబట్టి ఎన్ని అచ్చులు కావాలో మొదటి రంగు దగ్గరే తేల్చుకుని, పాడైపోయేవాటి కోసం మూడో వంతు కాగితాలు అదనంగా వేసుకోవాలి.

రంగుల అచ్చు ఎంత దూరం వెళ్ళగలదో చూడాలంటే అచ్చు కళాకారుడు కృష్ణారెడ్డి పనిని చూడండి. పారిస్‌లో కళాకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 అనే అచ్చు కళ స్టూడియోలో కృష్ణారెడ్డి సహచరులతో కలిసి, ఒకే లోహపు పలక మీద అనేక రంగులను ఒకేసారి అచ్చు వేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. నూనె ఎక్కువ కలిపిన జారు ఇంకును గట్టి రోలర్‌తో పలక పైమట్టానికి, నూనె తక్కువున్న బిగుసు ఇంకును మెత్తని రోలర్‌తో లోతుల్లోకి పూస్తే, పైనున్న నూనె పొర బిగుసు ఇంకును తన మీద నిలవనివ్వదు. ఆయన శిల్పి కూడా కావడంతో పలకను లోతులున్న శిల్పంలా చెక్కేవారు. అది లినోకట్‌కు నేరుగా వర్తించే పద్ధతి కాదు గాని, పలక లోతును కూడా గీతలో భాగంగా ఆలోచించడం అందరూ నేర్చుకోదగినది.

ఎడిషన్

ఇక మార్చేదేమీ లేదు అనిపించిన ప్రూఫ్‌ను ప్రమాణంగా పెట్టుకోండి, స్టూడియోల్లో దాని మీద బి.ఎ.టి. (‘అచ్చుకు సిద్ధం’ అనే అర్థమున్న ఫ్రెంచ్ మాటల పొడి అక్షరాలు) అని రాస్తారు. మిగతా అచ్చులన్నీ దానితో పోల్చి, తేడా ఉన్నవి పక్కన పెట్టాలి. పలక, కాగితం ప్రతిసారీ ఒకే చోట పడటానికి ఒక అట్ట మీద పలక కొలతతో గుర్తు గీసి, రెండు వైపులా ఎల్ ఆకారంలో సన్నని అట్టముక్కలు అతికించండి. పలక వాటికి ఆనుతుంది. కాగితం కోసం దానికి బయట ఇంకో జత గుర్తులు పెట్టండి. పదిహేను అచ్చుల ఎడిషన్ (ఒకే పలక నుంచి ఒకేలా తీసిన అచ్చుల వరస) కావాలంటే ఇరవై కాగితాలు ముందే ఒకే కొలతకు కోసి, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే ఒక పక్కన పేర్చి పెట్టుకోండి. వీలైతే మొత్తం ఎడిషన్‌ను ఒకే రోజు, ఒకసారి కలిపిన ఇంకుతోనే తీయండి. మర్నాడు కలిపిన నలుపు అదే నలుపు కాదు.

అచ్చులను ఒకదాని మీద ఒకటి పెట్టకుండా తాడుకు క్లిప్పులతో వేలాడదీయండి. నూనె ఇంకు ఆరడానికి కొన్ని రోజుల నుంచి వారం దాకా పడుతుంది, తేమ ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. పూర్తిగా ఆరాక అచ్చు కింది అంచులో పెన్సిల్‌తో ఎడమవైపు 3/15 అన్నట్టుగా వరుస సంఖ్య, మొత్తం సంఖ్య, మధ్యలో చిత్రం పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం రాయడం ఆనవాయితీ. కళాకారుడు తనకోసం ఉంచుకునే ప్రూఫ్‌ల మీద సంఖ్యకు బదులు ఏ.పి. (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాస్తారు, ఇవి సాధారణంగా ఎడిషన్‌లో పదో వంతుకు మించవు. మొత్తం పదిహేను అని రాశాక పదహారోది తీయకూడదు. కొనేవారికి, దాచుకునేవారికి మీరు ఇచ్చిన మాట అది. ఎడిషన్ ముగిశాక పలకకు అడ్డంగా ఒక లోతైన గీత చెక్కి, ఆ రద్దయిన పలకతో ఒక అచ్చు తీసి మీ దగ్గర ఉంచుకోండి.

పలకను, రోలర్‌ను, గాజును ముందు వంటనూనెతో తుడిచి, తర్వాత కొద్దిగా సబ్బు నీటితో తుడవండి. పలకను నీళ్ళలో నానబెట్టకండి, వెనకున్న గోనెగుడ్డ ఉబ్బి పలక వంగిపోతుంది. రోలర్‌ను రబ్బరు మీద బరువు పడకుండా వేలాడదీయాలి. అవిసె నూనె అంటిన గుడ్డల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, గుడ్డలను ఉండచుట్టి బుట్టలో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని విడివిడిగా పరిచి ఆరుబయట ఆరనివ్వండి, లేదా నీళ్ళు పోసిన మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి ఆ రోజే స్టూడియో బయట పెట్టండి.